వేళ్లకి గాలి అందుతోందా?

ఆకులు పసుపెక్కిన మొక్క ఫొటో పంపి "ఏ మందు కొట్టాలి?" అని అడిగేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: మొదలు దగ్గర కొంచెం మట్టి తవ్వి, ఆ మట్టి ఫొటో పంపండి. కొంతమందికి చిరాకు వేస్తుంది, జబ్బు పైన కనిపిస్తుంటే కింద తవ్వమంటారేంటని. కానీ ఆకు మీద కనిపించే చాలా లక్షణాలకి మూలం వేళ్ల దగ్గరే ఉంటుంది. నీళ్లు పోశామా, ఎరువు వేశామా, ఎండ తగులుతోందా అని అందరూ చూస్తారు. వేళ్లకి గాలి అందుతోందా అని చూసేవాళ్లు చాలా తక్కువ, నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

వేరుకి గాలితో పనేంటి అంటారా? ఆకు వెలుతురులో ఆక్సిజన్ తయారుచేస్తుంది, నిజమే. వేరు మాత్రం చీకట్లో ఉంటుంది. ఆకు నుంచి దిగివచ్చిన చక్కెరని వాడుకుని బతకాలంటే అది కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదలాలి. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి, లేకపోతే వచ్చేవి 2. కణానికి ఖర్చుపెట్టుకునే శక్తి అంటే ఈ ఏటీపీలే. నైట్రేట్ గానీ పొటాష్ గానీ మట్టి నీళ్లలోంచి వాటంతట అవే వేరులోకి పారవు, వేరు శక్తి ఖర్చుచేసి వాటిని లోపలికి లాక్కోవాలి. శక్తే లేనప్పుడు పక్కన ఎంత ఎరువు ఉన్నా ఒకటే.

నీళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఆక్సిజన్ అందని వేరు కణాల్లో ఆమ్లత పెరుగుతుంది. దాంతో కణాల పైపొరల్లో ఉండి నీళ్లని లోపలికి రానిచ్చే ఆక్వాపోరిన్లు అనే సన్నటి ప్రొటీన్ దారులు మూసుకుపోతాయి. దీన్ని 2003లో అరబిడోప్సిస్ అనే చిన్న మొక్క మీద స్పష్టంగా చూపించారు. ఫలితం ఏంటంటే చుట్టూ నీళ్లే ఉంటాయి, మొక్క మాత్రం దాహంతో వడలిపోతుంది. వడలిపోయిందని మనం ఇంకో చెంబు పోస్తాం, మిగిలిన కాస్త గాలి కూడా పోతుంది. ఇలా చచ్చిపోయిన మొక్కలు, నీళ్లు లేక చచ్చిపోయిన మొక్కలకంటే తక్కువేం ఉండవని నా గట్టి నమ్మకం.

రెండిటినీ తేడా పట్టడం కష్టం కాదు. బెట్టకి వచ్చిన మొక్క ఆకు పెళుసుగా, అంచులు ఎండినట్టు ఉంటుంది, వేలు గుచ్చితే మట్టి పొడిగా తగులుతుంది, నీళ్లు పోస్తే గంటల్లో లేస్తుంది. ఊపిరాడని మొక్క ఆకు మెత్తగా వేలాడుతుంది, కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, మట్టి తడిగానే ఉంటుంది. టమాటాలో ఇంకో గుర్తు కూడా ఉంటుంది. ఆకు వాడకుండానే కాడ దగ్గర కిందికి వంగిపోతుంది. గాలి లేని వేరులో తయారైన ఒక పదార్థం పైకి వెళ్లి అక్కడ ఇథిలీన్ వాయువుగా మారడం వల్ల అలా జరుగుతుంది. ఇది చూశారంటే నీళ్ల పైపు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మట్టి లోపలికి వెళ్దాం. మంచి నేలలో, ఘనపరిమాణం లెక్కన చూస్తే, సగం మాత్రమే గట్టి పదార్థం. సుమారు 45 శాతం ఖనిజాలు, 5 శాతం దాకా సేంద్రియ పదార్థం. మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో సగం నీళ్లు, సగం గాలి ఉంటే మొక్కకి హాయి. పుస్తకాల్లో ఇచ్చే ఆదర్శ లెక్క ఇది, ఏ నేలా రోజంతా ఇలాగే ఉండదు. వాన పడ్డప్పుడు గాలి వాటా నీళ్లకి పోతుంది, ఎండ కాస్తే తిరిగి వస్తుంది. ఆ తిరిగి రావడం ఎంత త్వరగా జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. బంకమట్టి గట్టిగా కనిపిస్తుంది కాబట్టి అందులో ఖాళీ తక్కువ అనుకుంటాం. నిజానికి మొత్తం ఖాళీ లెక్కేస్తే ఇసుక కంటే బంకమట్టిలోనే ఎక్కువ. కాకపోతే ఆ ఖాళీలన్నీ కంటికి కనపడనంత సన్నటివి. సన్నటి రంధ్రం నీటిని వదలదు, పట్టుకుని కూర్చుంటుంది. పెద్ద రంధ్రాల్లో మాత్రం నీళ్లు బరువుకి కిందికి జారిపోయి వాటి స్థానంలో గాలి దూరుతుంది. కాబట్టి నేలలో ఎంత ఖాళీ ఉందన్న దానికంటే పెద్ద ఖాళీలు ఎన్ని ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి కలిసి పైదాకా తెరుచుకుని ఉన్నాయా అన్నది ముఖ్యం. మట్టి రేణువులు చిన్న చిన్న గుళికలుగా అతుక్కుంటే ఆ గుళికల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. వానపాము తొలిచిన దారి, చచ్చిపోయి కుళ్లిన పాత వేరు వదిలిన గొట్టం, ఎండకి విచ్చిన బీట, ఇవన్నీ గాలి దారులే. నేల గుల్లగా ఉంది అని మనవాళ్లు అనేది సరిగ్గా దీన్నే.

మట్టిలోకి గాలి ఎక్కువగా వ్యాపనం ద్వారా వెళ్తుంది. వేళ్లు, సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేసుకుంటే లోపల తగ్గుతుంది, పైనుంచి మెల్లగా కొత్తది దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్ అదే దారిలో పైకి వస్తుంది. రంధ్రంలో గాలి ఉన్నంతసేపూ ఇది చకచకా సాగుతుంది. రంధ్రం నీళ్లతో నిండితే మాత్రం ఆక్సిజన్ కదలిక దాదాపు 10,000 రెట్లు నెమ్మదిస్తుంది. అందుకే మట్టిలో గాలి వాటా 10 శాతం కంటే కిందికి పడితే చాలా పంటలకి ఇబ్బంది మొదలవుతుంది. వేడి వాతావరణంలో అయితే పరిస్థితి ఇంకా తొందరగా చెయ్యిదాటుతుంది, ఎందుకంటే మట్టి వెచ్చబడేకొద్దీ వేళ్లు, సూక్ష్మజీవులు పీల్చే ఆక్సిజన్ పెరుగుతుంది, వెచ్చటి నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. నీళ్లు నిలిచిన వెచ్చటి మట్టిలో ఒకటి రెండు రోజుల్లోనే ఆక్సిజన్ అయిపోవచ్చు. చల్లని కాలంలో వారం తట్టుకున్న మొక్క ఎండాకాలపు వానకి కూలిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

ఆక్సిజన్ అయిపోయాక మట్టి ఊరుకోదు. అందులోని బ్యాక్టీరియాలో కొన్ని ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ని వాడుకోవడం మొదలుపెడతాయి. మనం డబ్బు పెట్టి వేసిన నత్రజని నైట్రోజన్ వాయువుగా, నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాల్లో కలిసిపోతుంది. నైట్రేట్ అయ్యాక మాంగనీస్, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేట్, చివరికి మీథేన్ తయారీ. దాదాపు ఈ వరసలోనే జరుగుతుంది. ఇదంతా ల్యాబ్‌కి పంపకుండానే కంటికి, ముక్కుకి తెలుస్తుంది. తవ్వినప్పుడు నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే ఆ పొర చాలాకాలం గాలి లేకుండా ఉంది. బూడిద రంగు మధ్యలో తుప్పు రంగు మచ్చలుంటే నీళ్లు వచ్చి పోతూ ఉన్నాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే సల్ఫేట్ దాకా వెళ్లిపోయింది, అది హైడ్రోజన్ సల్ఫైడ్, వేళ్లకి నేరుగా విషం. మంచి మట్టికి తొలకరి వాసన ఉంటుంది.

జాలు పట్టిన చేలో ఆకులు పసుపెక్కగానే యూరియా చల్లడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆకు పసుపెక్కింది నత్రజని లోపం వల్లేనేమో, కానీ లోపం వచ్చింది వేరు పనిచేయక, ఉన్న నత్రజని గాల్లోకి పోయి. నీళ్లు బయటికి తీయకుండా ఇంకా వేస్తే అదీ ఆ దారినే పోతుంది. ముందు కాలువ తీయాలి, నేల కాస్త ఆరాలి, కొత్త తెల్లవేర్లు కనపడాలి, ఆ తర్వాతే ఎరువు. మరీ అత్యవసరమైతే ఆకుల మీద పల్చగా పిచికారీ చేయొచ్చు, అది వేరుతో పని లేకుండా కొంత ఆదుకుంటుంది.

వేరుకుళ్లు కూడా ఇదే కథలో భాగం. పైథియం, ఫైటోఫ్తొరా అనేవి చూడ్డానికి శిలీంధ్రాల్లా ఉంటాయి గానీ వేరే జాతి జీవులు. వీటి విత్తన కణాలకి తోకలుంటాయి, మట్టి నీళ్లలో ఈదుకుంటూ వేరు దగ్గరికి వస్తాయి. ఈదడానికి నీళ్లు, పైగా ఊపిరాడక నీరసించిన వేరు, రెండూ ఒకేసారి దొరికితే ఇక చెప్పేదేముంది. మందు పోస్తే కొన్నాళ్లు ఆగుతుంది. నీళ్లు నిలవడం ఆగకపోతే మళ్లీ వస్తుంది.

తడి సంగతి ఇలా ఉంటే, నేల తొక్కుడుపడి గట్టిపడటం ఇంకో రకం బాధ. అక్కడ నీళ్లు నిలవకపోయినా పెద్ద ఖాళీలు నలిగిపోయి ఉంటాయి. గట్టి నేలలో వేరు దూరలేక ఆగిపోతుందని చాలాకాలం అనుకునేవాళ్లు, అందులో నిజం ఉంది, నేల ప్రతిఘటన 2 మెగాపాస్కల్స్ (ఒత్తిడికి కొలమానం) దాటితే చాలా మొక్కల వేళ్లు బాగా నెమ్మదిస్తాయి. కానీ 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చూశాక నా ఆలోచనే మారింది. వేరు కొన ఎప్పుడూ కొంచెం ఇథిలీన్ వదులుతూ ఉంటుంది. గుల్ల నేలలో అది బయటికి వెళ్లిపోతుంది, గట్టి నేలలో వెళ్లే దారి లేక వేరు చుట్టూనే పోగవుతుంది. అలా పోగైన ఇథిలీనే వేరుకి "ఇక ముందుకి వెళ్లొద్దు" అనే సంకేతం. ఇథిలీన్‌ని గుర్తించలేని వరి రకాలని గట్టి నేలలో పెంచితే వాటి వేళ్లు మామూలు వాటికంటే బాగా చొచ్చుకుపోయాయి. అంటే వేరుకి బలం లేక ఆగడం ఒక్కటే కాదు, గాలి ఆడకపోవడం చూసి అది తనంతట తానే ఆగుతోంది. నేలని ఇంత సున్నితంగా వేరు కనిపెడుతుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

నేల గట్టిపడేది ఎక్కువగా తడిమీద తొక్కినప్పుడు. పొడి నేల బరువుని ఓర్చుకుంటుంది, తడి బంకమట్టి నలిగి ముద్దయిపోతుంది, పైగా నష్టంలో ఎక్కువ భాగం మొదటిసారి చక్రం ఎక్కినప్పుడే జరిగిపోతుంది. నేల దున్నే పదునుకి వచ్చిందో లేదో చూడాలంటే, దున్నే లోతు నుంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య పాములా పేనండి. పెన్సిల్ కంటే సన్నటి తాడుగా తెగకుండా సాగితే ఇంకా ఆగాలి. పేనుతుంటేనే విరిగి పొడయితే పని మొదలెట్టొచ్చు. తోటమళ్లలో అయితే నడిచే దారి వేరు, మొక్కలుండే చోటు వేరు అని మొదట్లోనే గీత గీసుకుని, మళ్లలో కాలు పెట్టకుండా ఉంటే సగం సమస్య పోతుంది.

మరి వరి సంగతేంటి, అది నీళ్లలోనే ఉంటుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. వరికి తన ఏర్పాటు తనకుంది. ఆకు నుంచి కాండం మీదుగా వేరు కొన దాకా లోపల గాలి గొట్టాల్లాంటి కణజాలం ఉంటుంది, ఏరెంకైమా అంటారు. పైనున్న ఆక్సిజన్ దాంట్లోంచి కిందికి దిగుతుంది, మధ్యలో బయటికి కారిపోకుండా వేరు పైపొర అడ్డుగోడ కూడా కట్టుకుంటుంది. మిరపకీ, టమాటాకీ, బత్తాయికీ అంత ఏర్పాటు లేదు. అసలు వరికి కూడా ఎప్పుడూ నీళ్లు నిలబెట్టాల్సిన పని లేదు, నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆరబెట్టి మళ్లీ తడి ఇచ్చే పద్ధతిలో దిగుబడి పెద్దగా తగ్గకుండానే నీళ్లు ఆదా అవుతాయి, మీథేన్ తగ్గుతుంది.

పప్పుజాతి మొక్కల్లో గాలి అందుతోందో లేదో చూడటానికి చక్కటి దారి ఉంది. మొక్కని వేళ్లతో సహా తీసి, గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే వేరు మీది బుడిపెని గోటితో చిదమండి. లోపల గులాబీ ఎరుపు ఉంటే అది లెగ్‌హిమోగ్లోబిన్ అనే, ఆక్సిజన్‌ని మోసే ప్రొటీన్ రంగు, బుడిపె పనిలో ఉంది. తెల్లగానో పాలిపోయిన ఆకుపచ్చగానో ఉంటే నత్రజని కట్టడం లేదు. కారణాలు ఇంకా ఉండొచ్చు, కానీ తడినేలలో మొదట అనుమానించాల్సింది గాలినే.

మీ నేల ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఒక పార, ఒక గ్లాసు చాలు. ఒక అడుగు లోతు గుంత తవ్వి, నీళ్లతో నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకి ఎంత దిగిందో కొలవండి. రెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ దిగితే నీరు వెళ్లే దారి సరిగా లేదని. తవ్వేటప్పుడు వేళ్లని కూడా గమనించండి, నిలువుగా దిగుతున్న వేరు ఒక లోతులో హఠాత్తుగా పక్కకి తిరిగితే అక్కడ గట్టి పొర ఉంది, ఏటా ఒకే లోతున దున్నిన చోట్ల ఇది తరచూ కనిపిస్తుంది. తర్వాత బాగా ఎండిన మట్టిగడ్డ ఒకటి గ్లాసు నీళ్లలో మెల్లగా వదలండి. చాలాసేపు గడ్డగానే నిలిస్తే దాని కట్టుబడి బాగుంది. నిమిషంలో కరిగి బురదయితే వాన పడ్డప్పుడు మీ నేల పైన జరిగేది కూడా అదే, రేణువులు విడిపోయి రంధ్రాల్ని పూడ్చి, ఎండగానే పైన అట్ట కడుతుంది, మొలక కూడా బయటికి రాలేదు.

బాగుచేయడం దగ్గరికి వస్తే తవ్వడం, దున్నడం గురించి నా అభిప్రాయం కొంచెం కఠినం. దున్నితే గాలి దూరుతుంది, నిజమే, కానీ ఆ గుల్లదనం వానలకి కుంగిపోతుంది. పైగా గాలి తగిలి సేంద్రియ పదార్థం తొందరగా ఖర్చయిపోతుంది, గుళికల్ని కట్టి ఉంచే శిలీంధ్రపు పోగులు తెగిపోతాయి. గట్టి పొర ఉంటే పొడిగా ఉన్నప్పుడు ఒకసారి లోతుగా చీల్చడం తప్పదు, కానీ చీల్చిన వెంటనే అందులోకి వేళ్లు దిగేలా పంటో పచ్చిరొట్టో వేయకపోతే మళ్లీ మూసుకుపోతుంది. నేలని నిలబెట్టి ఉంచేది వేళ్లు, వానపాములు, వేరు వదిలే జిగురు పదార్థాలు, వాటిని తినే సూక్ష్మజీవులు. వాటికి తిండి కావాలి: బాగా మాగిన కంపోస్టు, పైన కప్పిన ఆకులూ గడ్డీ. మాగని పచ్చి పేడని తడి మట్టిలో లోతుగా పాతిపెడితే మాత్రం అది కుళ్లడానికి ఉన్న ఆక్సిజన్ అంతా లాగేసుకుంటుంది, మంచి చేయబోతే చెడు జరుగుతుంది.

బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందనే సలహా దయచేసి నమ్మకండి. కొంచెం ఇసుక కలిపితే ఇసుక రేణువుల మధ్య ఖాళీలో బంకమట్టి నిండి ఇంకా గట్టిపడుతుంది. తేడా రావాలంటే సగానికి పైగా ఇసుకే ఉండాలి, అంత ఇసుక ఎవరు పోస్తారు. జిప్సం సంగతి కూడా అంతే, సోడియం ఎక్కువున్న చవుడు నేలలో అది నిజంగా పనిచేస్తుంది, ఎందుకంటే జిప్సంలోని కాల్షియం బంకమట్టి రేణువుల్ని విడదీస్తున్న సోడియంని పక్కకి నెట్టేస్తుంది, ఆ తర్వాత మంచి నీళ్లతో కడిగేయాలి. సోడియం సమస్య లేని నేలలో వేస్తే గుల్లదనం విషయంలో పెద్దగా ఒరిగేదేం లేదు. మట్టి పరీక్ష చేయించి, ఉదజని సూచిక (pH) 8.5 దాటిందా, సోడియం ఎంతుంది అని చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

కుండీల్లో పెంచేవాళ్లకి ఇంకో మాట. కుండీ అడుగున రంధ్రం ఉన్నా, నీళ్లు కారడం ఆగిపోయాక కూడా అడుగు పొర పూర్తిగా తడిసే ఉంటుంది. ఒక స్పాంజిని నీళ్లలో ముంచి పడుకోబెట్టి పట్టుకోండి, కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. మట్టి కూడా అంతే, దాని రకాన్ని బట్టి అడుగున ఇంత ఎత్తు నీళ్లు పట్టుకునే ఉంటుంది, కుండీ పొడుగైనా పొట్టిదైనా ఆ ఎత్తు మారదు. అందుకే పొట్టి కుండీలో వేళ్లకి గాలి ఉండే భాగం తక్కువ. అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా పోతాయనుకుంటారు, నిజానికి సన్నటి మట్టిలోంచి నీళ్లు పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగవు, ఆ తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, వేళ్లకి మిగిలిన చోటు ఇంకా తగ్గుతుంది. రాళ్లు మానేసి మట్టి మిశ్రమాన్నే ముతకగా చేసుకోవాలి, పెర్లైట్, ముతక కొబ్బరి పొట్టు, బెరడు ముక్కలు లాంటివి అందుకే. చేలోని మట్టిని అలాగే కుండీలో నింపడం మాత్రం వద్దు. కొన్నేళ్లకి ఏ మిశ్రమమైనా చివికి మెత్తబడి కుంగుతుంది, కుండీ నిండా ఉన్న మట్టి చేతి నాలుగు వేళ్ల మందం కిందికి దిగిందంటే అందులో పోయింది చాలావరకు గాలే, మార్చే సమయం వచ్చింది.

పెద్ద చెట్ల విషయంలో జరిగేది ఇంకా నెమ్మది, అందుకే ఎవరూ పోల్చుకోరు. చెట్టు వేళ్లు పైన కొమ్మలంత లోతుకి దిగుతాయని ఒక అపోహ. నీళ్లూ పోషకాలూ తాగే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పైన ఒకటి రెండు అడుగుల్లోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. ఎందుకు అక్కడే అంటే గాలి ఉండేది అక్కడే. ఆ పైన మెరక చేయడానికి మట్టి పోసినా, సిమెంటు పరిచినా, బళ్లు నిలిపినా ఆ వేళ్లకి గాలి తగ్గిపోతుంది. చెట్టు వెంటనే ఏమీ చెప్పదు, దాచుకున్న పిండిపదార్థంతో కొన్నేళ్లు లాక్కొస్తుంది, ఆ తర్వాత పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది, అప్పటికి మట్టి పోసిన సంగతే ఎవరికీ గుర్తుండదు. ఇలాంటి చెట్టు కింద బళ్లు ఆపడం మానేసి, రెండు మూడు అంగుళాల మందాన ఆకులో చెక్కపొట్టో పరచండి, కాండానికి మాత్రం తగలనీయకండి. కాండం మొదలు వేళ్లుగా విచ్చుకునే చోటు నేల పైకి కనపడాలి. కనపడకపోతే దాని మీదున్న మట్టిని పార వాడకుండా, బెరడు గీసుకోకుండా, చేత్తోనే కొద్దికొద్దిగా తీసేయండి.